మేడ మీద ఆరడుగుల అక్వేరియం: స్లాబు ఆగుతుందా?

మీరు అడిగినది ముందు ఒకసారి చెప్పుకుందాం. శ్రీకాకుళంలో మీది 2008లో పిల్లర్ల మీద కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద అమ్మానాన్నలు, మేడ మీద మీరు ఉంటున్నారు. మేడ మీద హాలు 12 అడుగులు, 15 అడుగులు. స్లాబు 5 అంగుళాలు. అందులో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అక్వేరియం పెట్టాలని మీ కోరిక. ఇల్లు కట్టిన మేస్త్రి "ఏటీ కాదు బాబూ, ఏనుగునెక్కించినా ఆగుద్ది" అన్నాడు. నాన్నగారేమో ససేమిరా వద్దంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

సూటిగా జవాబు: స్లాబు ఆరోగ్యంగా ఉంటే, కింద బీము (పిల్లర్ల మధ్య స్లాబుని మోసే కాంక్రీటు దూలం) ఉన్న గోడకు ఆనించి, ఇంజినీరు ఒకసారి చూశాక, ఆ ట్యాంకు పెట్టుకోవచ్చు. హాలు మధ్యలో వద్దు. బాల్కనీలో అసలే వద్దు. కింద బీము ఉందో లేదో తేలేదాకా ట్యాంకుకు అడ్వాన్సు ఇవ్వకండి.

నేను విజయనగరంలో ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళ డిజైన్లు, పాత ఇళ్ళ రిపేర్లు చూస్తున్నాను. మా ఇంట్లో మేడ మీద నాలుగడుగుల ట్యాంకు 2013 నుంచి ఉంది. కాబట్టి ఈ టెన్షన్ రెండు వైపుల నుంచీ తెలుసు. చేపలు పెంచేవాడి ఆశా తెలుసు, కింద గదిలో మంచం మీద పడుకుని సీలింగు వంక చూసే పెద్దవాళ్ళ భయమూ తెలుసు.

ముందు బరువు సంగతి. చాలామంది నీళ్ళ వరకే లెక్క కట్టి ఊరుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. లీటరు నీళ్ళు ఒక కిలో. మీది 24 ఘనపుటడుగులు, అంటే 680 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే 620 దాకా పడతాయి. ఈ సైజుకి 12 మిల్లీమీటర్ల అద్దం వేస్తారు. ఆ మందం అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. అయిదు పలకలూ కలిపితే 120 కిలోల పైమాటే. ఇనుప స్టాండు 70, 80 కిలోలు. అడుగున రెండంగుళాల మందం గులకరాళ్ళు పరిస్తే అవో 80, 90. రాళ్ళు, దుంగలు, ఫిల్టరు కలిపి ఇంకో 40. అన్నీ కూడితే సుమారు 950 కిలోలు.

పాతిక కిలోల బియ్యం బస్తాలు ముప్ఫై ఎనిమిది తెచ్చి, పన్నెండు చదరపుటడుగుల చోట ఒకదాని మీద ఒకటి పేర్చారనుకోండి. మీరు పెట్టబోయేది సరిగ్గా అంత బరువు. వచ్చిపోయే బరువు కాదు, రాత్రీ పగలూ ఏళ్ళ తరబడి అక్కడే ఉండే బరువు.

ఇప్పుడు స్లాబు వైపు నుంచి చూద్దాం. ఇళ్ళలో గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల వాడకపు బరువు లెక్కలోకి తీసుకోవాలని కట్టడాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం చెప్తుంది. మనుషులు, మంచాలు, బీరువాలు, సోఫాలు అన్నీ దానిలోకే వస్తాయి. మీ ట్యాంకు తన కింద చదరపు మీటరుకు 850 కిలోలు మోపుతుంది. నాలుగు రెట్ల పైన. ఈ అంకె చూడగానే చాలామంది కంగారుపడి ఆశ వదిలేసుకుంటారు. మరికొందరు ఇంకో లెక్క తీస్తారు: హాలు మొత్తం పదహారున్నర చదరపు మీటర్లు, 200 చొప్పున మూడు టన్నుల పైచిలుకు ఆగాలి కదా, ఒక టన్నుకి ఏం భయం అని. రెండు లెక్కలూ తప్పుదారే పట్టిస్తాయి. ఎందుకంటే రెండూ బరువునే చూస్తున్నాయి, ఆ బరువు ఏ దారిన నేలకు దిగుతుందో చూడటం లేదు.

నాతో ఎప్పుడూ వాదించే రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. ఒకటి: "సార్, డాబా మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఉంది, దానికేం కాలేదు కదా?" నిజమే. కానీ ఒకసారి డాబా ఎక్కి అది ఎక్కడుందో చూడండి. చాలా ఇళ్ళలో మెట్ల గది మీదనో, పిల్లర్ల నెత్తిన కట్టిన దిమ్మల మీదనో ఉంటుంది. బరువు నేరుగా పిల్లర్లోకి దిగిపోతుంది. స్లాబు నడుమ ఎవరూ పెట్టరు, పెట్టినచోట నేను చూసిన స్లాబులన్నీ కిందికి వంగే ఉన్నాయి. రెండోది: "మొన్న సత్యనారాయణ వ్రతానికి పాతికమంది కూర్చున్నారు, ఏమీ కాలేదు." పాతికమంది అంటే ఒకటిన్నర టన్ను, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు హాలంతా పరుచుకుని కూర్చున్నారు, ప్రసాదం తీసుకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. కాంక్రీటు కొద్దిసేపటి బరువుని ఒకలా మోస్తుంది, దించకుండా ఉంచిన బరువుని ఇంకోలా మోస్తుంది. కదలని బరువు కింద అది నెలలు, ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా వంగుతూనే ఉంటుంది. పెట్టిన రోజు ఒక మిల్లీమీటరు దిగిన స్లాబు కొన్నేళ్ళకి రెండు, మూడు మిల్లీమీటర్లు దిగొచ్చు.

దారి అన్నాను కదా, అది అర్థం కావాలంటే పరంజా చెక్కని గుర్తు తెచ్చుకోండి. ఇంటికి ప్లాస్టరింగు చేస్తున్నప్పుడు తాపీ మేస్త్రి చెక్క కొస దగ్గర నిలబడితే అది కదలదు. అదే మనిషి నడుమకు వస్తే చెక్క కిందికి వంగుతుంది. మనిషి బరువు మారలేదు, నిలబడిన చోటే మారింది. స్లాబు కూడా రెండు బీముల మధ్య వేసిన పెద్ద చెక్కలాంటిదే.

మీ హాలుకి లెక్క కడితే ఇలా వస్తుంది. రెండు 15 అడుగుల గోడల కింద బీములున్నాయని, స్లాబు వాటి మధ్య 12 అడుగుల దూరం దాటుతోందని అనుకుందాం. పక్కపక్కనున్న స్లాబు ఈ బరువులో కొంత పంచుకుంటుంది. ఆ సాయం లెక్కలోకి తీసుకోకుండా కఠినంగానే చూద్దాం. చదరపు మీటరుకు 200 కిలోలు స్లాబంతా పరిస్తే నడుమ పడే వంపు ఒక రూపాయి అనుకోండి. మీ ట్యాంకు హాలు నడుమ పెడితే ఆ ఒక్కదాని వల్లే రూపాయీ ముప్పై పైసలు పడుతుంది. సోఫాలు, మనుషులు ఇంకా రానే లేదు. అదే ట్యాంకుని 15 అడుగుల గోడకు ఆనించి, కింద బీము పక్కనే పెడితే నడుమ పడే వంపు ముప్పై పైసల లోపే. మిగిలిన డెబ్భై పైసలు మీ కుటుంబానికి, ఫర్నిచరుకి మిగులుతాయి. ఒకే స్లాబు, ఒకే ట్యాంకు. తేడా అంతా చోటులో ఉంది. మేస్త్రి మాట గోడ పక్కన నిజం, నాన్నగారి మాట నడిమధ్యన నిజం.

గోడ పక్కన పెట్టినప్పుడు వంపు తగ్గినా బీము దగ్గర కోత (షియర్, అంటే స్లాబుని అంచున కత్తిరించేలా పనిచేసే బలం) ఎక్కువవుతుంది కదా అని సివిల్ చదివినవాళ్ళు అడుగుతారు. 5 అంగుళాల మంచి స్లాబుకి ఈ మాత్రం కోత పెద్ద లెక్కలోది కాదు. మంచి స్లాబుకి అన్నాను, ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని: కిందికి దిగండి. మేడ మీద టేపు పట్టుకుని కొలవడం కాదు. ట్యాంకు పెట్టాలనుకున్న గోడ, పక్క గోడ నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలుచుకుని, కింద గదిలో సరిగ్గా అదే చోట నిలబడి తలెత్తి చూడండి. అక్కడ సీలింగు నుంచి కిందికి దిగిన బీము కనిపించాలి, లేదా తొమ్మిదంగుళాల గోడలో కలిసిపోయిన బీము ఉండాలి.

ఇక్కడ చాలామంది మోసపోతారు. పైన గోడ ఉంటే కింద బీము ఉన్నట్టే అనుకుంటారు. మన వైపు ఇళ్ళలో అది గ్యారంటీ కాదు. కింద అంతస్తులో పెద్ద హాలు, పైన అదే చోట హాలు కొంచెం తగ్గించి ఒక బెడ్రూము తీస్తారు. ఆ మధ్యన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపేస్తారు. దాని కింద బీము ఉండదు, ఆ గోడ స్లాబు నెత్తినే కూర్చుంటుంది. ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తున్న అలాంటి గోడ ముక్కే ఒక టన్ను పైన తూగుతుంది. అంటే ఆ స్లాబు మీద అప్పటికే ఒక అక్వేరియం ఉన్నట్టు లెక్క. దానికి ఆనించి ఇంకోటి పెడితే అది గోడ పక్కన పెట్టినట్టు కాదు, హాలు మధ్యన పెట్టినదానికన్నా అన్యాయం. పూల్‌బాగ్ వైపు ఒక ఇంట్లో ఇదే చూశాను. అద్దాల షెల్ఫు, ట్యాంకు రెండూ ఆ పార్టిషన్ గోడకే ఆనించి ఉన్నాయి. కింద వంటగది సీలింగులో పగులు ఒకటి సరిగ్గా ఆ గోడ వెంబడే గీత గీసినట్టు సాగింది. వాళ్ళు రెండుసార్లు లప్పం పెట్టి రంగేశారు, మళ్ళీ అదే చోట తెరుచుకుంది. ట్యాంకు ఖాళీ చేయించి పక్క గదిలో బీము మీదకి మార్పించాను.

దీనికి రివర్సు కూడా ఉంది. కింద నాలుగున్నర అంగుళాల గోడ సీలింగుకి తగిలి ఉంటే, అది మోస్తుందిలే అనుకోవద్దు. పిల్లర్ల ఇంట్లో ఆ గోడ గదులు విడదీయడానికే కట్టారు, రేపు ఎవరైనా తలుపు కోసం దాన్ని కొట్టేస్తే మీ లెక్కంతా పోతుంది. ఇటుక గోడల మీదే స్లాబు వేసిన పిల్లర్లు లేని ఇళ్ళు వేరు. వాటిలో తొమ్మిదంగుళాల గోడే అసలు ఆధారం. మీది పిల్లర్ల ఇల్లు కాబట్టి బీమునే నమ్మండి.

2008 నాటి ప్లాను కాగితాలు ఇంట్లో ఉంటే తీయండి. మున్సిపాలిటీకి పెట్టిన ప్లాను మాత్రం దీనికి పనికిరాదు, అందులో గదులే ఉంటాయి. స్లాబు చువ్వల డ్రాయింగు కావాలి. అది దొరకడం అరుదు, నాకు తెలుసు. లేకపోతే స్లాబు వేసిన రోజు తీసిన ఫొటోలు వెతకండి. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి ఎవరో ఒకరు ఫొటో తీసే ఉంటారు. వెనకాల సెంట్రింగ్ మీద పరిచిన చువ్వలు కనిపిస్తాయి. నేను రెండు మూడు ఇళ్ళలో బీములు ఎక్కడున్నాయో అలాంటి ఫొటోల్లోంచే పట్టుకున్నాను.

ఇక మంచి స్లాబు అన్న మాట. మీ ఇల్లు శ్రీకాకుళం ఊళ్ళో అన్నారు, సముద్రం మరీ పక్కనే లేదు. అయినా మన జిల్లాల్లో ఉప్పుగాలి సంగతి పక్కన పెట్టలేం. చువ్వ చుట్టూ చాలినంత కాంక్రీటు కవరు లేకపోతే చెమ్మ, ఉప్పు లోపలికి దిగి చువ్వ తుప్పు పడుతుంది. ఇంటి లోపలి స్లాబుకి మామూలుగా 20 మిల్లీమీటర్ల కవరు, కోస్తా గాలి తగిలేచోట అంతకన్నా ఎక్కువ ఉండాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్తుంది. చువ్వల్ని ఎత్తి పట్టే కవరు బిళ్ళలకి బదులు కంకర ముక్కలు పెట్టి స్లాబు వేసిన ఇళ్ళు మన దగ్గర ఎన్నో. అలాంటిచోట చువ్వకీ, సీలింగు ప్లాస్టరింగుకీ మధ్య వేలి మందం కూడా ఉండదు. తుప్పు ఇనుముకన్నా రెండింతల పైన చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటుని నెట్టేస్తుంది, పెచ్చులు ఊడతాయి.

కళింగపట్నం వైపు ఒక ఇంటికి ఇలాగే పిలిచారు. ఇంటాయన కొడుక్కి అయిదడుగుల ట్యాంకు కావాలి. స్లాబు పై నుంచి చూస్తే నిగనిగలాడే టైల్స్, ఏ లోపమూ లేదు. కింద గదిలో సీలింగుకి ఫ్యాను కొక్కెం పక్కన గోధుమరంగు గీత ఒకటి సన్నగా, మూరెడు పొడవున ఉంది. గీత తిన్నగా ఉంది. నీళ్ళ మరకైతే గుండ్రంగా పాకుతుంది, తిన్నటి గీత అంటే లోపల చువ్వ. స్టూలెక్కి చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాను. గట్టి చోట ఠంగుమంది. గీత దగ్గరికి రాగానే ఖాళీ కుండ మీద కొట్టినట్టు బోలుగా పలికింది. ఇంకోసారి తట్టితే అరచేయంత పెచ్చు నా భుజం మీద పడింది. లోపల 8 మిల్లీమీటర్ల చువ్వ పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే పొడి రాలింది. ట్యాంకు సంగతి అలా ఉంచండి, ఆ గదిలో పడుకోవద్దని చెప్పి వచ్చాను. వాళ్ళు ముందు స్లాబు బాగుచేయించుకున్నారు. ఆ అబ్బాయి ట్యాంకు ఇప్పుడు కింద వరండాలో ఉంది.

మీరూ ఈ పని చేయండి. పావుగంట పడుతుంది. కింద గదిలో పగటి వెలుతురులో, టార్చి లైటు సీలింగుకి అడ్డంగా పట్టి చూడండి. ఎదురుగా వేస్తే పగుళ్ళు కనిపించవు, పక్క నుంచి వేస్తే చిన్న గీత కూడా నీడ పడుతుంది. వెంట్రుకవాసి పగుళ్ళు కరెంటు పైపుల వెంబడి ఉంటే కంగారు అక్కర్లేదు. విజిటింగ్ కార్డు అంచు దూరేంత పగులు, తిన్నటి తుప్పు గీత, బోలు శబ్దం, ఎప్పుడూ ఆరని చెమ్మ: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ట్యాంకు ఆలోచన ఆపి ముందు ఇంజినీరుకి చూపించండి. రీబౌండ్ హ్యామర్, కవర్ మీటర్ అనే చిన్న పరికరాలతో కాంక్రీటు గట్టిదనం, చువ్వలు ఎంత లోపల ఎంత దూరంలో ఉన్నాయో చూస్తారు. ఖర్చు మీ ట్యాంకు ధర ముందు పెద్దది కాదు. స్లాబుకి రంధ్రం కూడా పెట్టనక్కర్లేదు.

పాత మిద్దెల్లో ఉండేవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకీ ఒక మాట. విజయనగరం కోట చుట్టుపక్కల, మూడు లాంతర్ల వైపు, శ్రీకాకుళం పాత వీధుల్లో ఇంకా మద్రాసు టెర్రస్ మేడలు ఉన్నాయి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నంతో వేసినవి. వాటికి పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. దూలం నడుమ రాయిలా ఉంటుంది, గోడలోకి దూరిన కొస మాత్రం చెమ్మకి చీకిపోయి ఉంటుంది. ఒక ఇంట్లో దూలం కొస దగ్గర స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే ఎక్కడా అడ్డు లేకుండా పిడి దాకా దిగిపోయింది. ఆ దూలం కింద అప్పటిదాకా పిల్లలు చదువుకుంటున్నారు. అలాంటి మేడ మీద రెండడుగుల ట్యాంకు కన్నా పెద్దది నేను ఒప్పుకోను.

బాల్కనీ వద్దని మొదట్లోనే అన్నాను, ఎందుకో చెప్పాలి. గది స్లాబుకి ముఖ్యమైన చువ్వలు అడుగున ఉంటాయి. ముందుకి పొడుచుకొచ్చిన బాల్కనీకి అవి పైభాగాన ఉండాలి, ఎందుకంటే అది పైన చిట్లి కిందికి వాలిపోవాలని చూస్తుంది. కాంక్రీటు వేసే రోజు గమేలాలు మోసేవాళ్ళు ఆ చువ్వల మీద నుంచే నడుస్తారు. పొద్దున్న పైన కట్టిన చువ్వలు సాయంత్రానికి తొక్కుడికి అడుగుకి చేరిపోతాయి. అలా అయిన బాల్కనీ బయటికి బాగానే కనిపిస్తుంది, నలుగురు నిలబడినా ఆగుతుంది. నేను ఇరవై ఆరేళ్ళలో తల పట్టుకున్న స్లాబుల్లో సగం ఇవే. పైగా బాల్కనీ ఒరిగిపోవడానికి ముందు పెద్దగా హెచ్చరిక ఇవ్వదు. ఇంకో సంగతి, మీ హాలు 15 అడుగుల్లో పాత బాల్కనీ కలిసి ఉందేమో చూసుకోండి. హాలు పెద్దది కావాలని బాల్కనీ గోడ తీసేసి కిటికీలు పెట్టి కలిపేయడం మన ఊళ్ళలో మామూలే. లోపల నిలబడితే అది హాలే. కిందికి దిగి వీధిలోంచి చూస్తేనే గాలిలో వేలాడుతున్నదేదో తెలుస్తుంది. కిటికీ వెలుతురు బాగుంటుందని చాలామంది ట్యాంకు సరిగ్గా అక్కడే పెడతారు.

స్లాబు బాగుండి, బీము దొరికి, చోటు కుదిరాక కూడా ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. దాన్ని నేను నా ఇంట్లోనే చవిచూశాను. 2013లో మొదట కొన్న నాలుగడుగుల ట్యాంకు నాలుగు కాళ్ళ ఇనుప స్టాండు మీద పెట్టాను. స్లాబు లెక్క నేనే చేసుకున్నాను, గోడ కింద బీము ఉంది, ధీమాగా ఉన్నాను. టైల్స్ తట్టి చూడలేదు. ఒక కాలు కింద టైలు బోలుగా ఉంది. తొమ్మిదో రోజు రాత్రి రెండింటికి టప్ అని శబ్దం. లేచి లైటు వేసేసరికి ట్యాంకు ముందు అద్దం ఓ మూల నుంచి ఇంకో మూలకి పగిలి ఉంది, నీళ్ళు గది దాటి మెట్ల మీద నుంచి కిందికి దిగుతున్నాయి. బోలు టైలు నలిగి స్టాండు ఒక మూల మూడు మిల్లీమీటర్లు దిగింది, అంతే. అద్దానికి ఆ మెలి చాలు. స్లాబుకి ఏమీ కాలేదు. కింద గదిలో మాత్రం ఫ్యాను కొక్కెం దగ్గర నుంచి ధార కట్టింది, మా అమ్మ ఆ ఫ్యాను కిందే పడుకుని ఉంది. మెయిన్ ఆఫ్ చేసి ఆమెని లేపిన ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తప్పు నాది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఇలా చెప్తాను. స్టాండు నాలుగు కాళ్ళ మీద నిలబడేది వద్దు. కాళ్ళ కింద చుట్టూ ఇనుప చట్రం నేలకి ఆనేలా వెల్డింగు చేయించండి. 950 కిలోలు నాలుగు కాళ్ళకి పంచితే కాలుకి 240 కిలోలు, రూపాయి బిళ్ళంత చోట అంత బరువు ఏ టైలూ ఓర్చుకోదు. చట్రం కింద టైల్స్ అన్నీ తట్టి, బోలుగా ఉన్నవి తీసి మళ్ళీ వేయించండి. స్టాండు మీద 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్డు, దాని మీద ట్యాంకు కింద అరంగుళం థర్మోకోలు షీటు. కొందరు బలంగా ఉంటుందని అడుగున టెక్కలి గ్రానైటు పలక వేయిస్తారు, అందంగానే ఉంటుంది. కానీ అది బరువు పెంచుతుంది తప్ప స్లాబుకి ఏ మేలూ చేయదు. ప్లైవుడ్డు, పలక, చట్రం ఏవైనా బరువుని పరుస్తాయి, తగ్గించవు.

లెవెలు చూడటానికి మేస్త్రిల దగ్గరుండే ట్యూబ్ లెవెల్ చాలు, నీళ్ళు నింపిన పారదర్శకమైన గొట్టం. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, సగం నిండాక ఒకసారి, పూర్తిగా నిండాక ఒకసారి నాలుగు మూలలూ చూడండి. సగం నిండినప్పుడు తేడా వస్తే నీళ్ళు తోడేసి సరిచేయండి, నిండిన ట్యాంకు కింద చెక్కముక్కలు దూర్చే ప్రయత్నం ఎవరూ చేయొద్దు.

నింపడం కూడా ఒక్కరోజులో వద్దు. ముందు కింద గదిలో సీలింగుకి రెండంగుళాలు కింద, ఈ బీము నుంచి ఆ బీముకి ఒక నైలాన్ దారం బిగించి కట్టండి. నడుమ దారానికీ సీలింగుకీ ఎంత ఖాళీ ఉందో స్టీలు స్కేలుతో కొలిచి రాసుకోండి. ఉన్న పగుళ్ళ కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. మూడో వంతు నీళ్ళు పోసి రెండు రోజులు ఆగండి. మళ్ళీ కొలవండి. ఇంకో మూడో వంతు, ఇంకో రెండు రోజులు. గోడ పక్కన బీము మీద పెట్టిన ట్యాంకుకి తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, స్కేలుకి సరిగ్గా అందదు. రెండు మిల్లీమీటర్లు దాటినా, పెన్సిలు గీత దాటి పగులు సాగినా నీళ్ళు తోడేయడమే. దారం ఆరు నెలలు ఉంచండి. చూడటానికి బాగోదని ఇంట్లో అంటారు, అయినా ఉంచండి. నాన్నగారికి ఆ స్కేలు ఇచ్చి వారానికోసారి ఆయన్నే కొలవమనండి. మా ఇంట్లో రెండో ట్యాంకు పెట్టినప్పుడు అమ్మకి ధైర్యం వచ్చింది నా లెక్కల వల్ల కాదు, ఆ దారం వల్లే.

చిన్న ట్యాంకుల గురించి ఇంత ఆలోచన అక్కర్లేదు. రెండడుగులది అంతా కలిపి 80, 90 కిలోలు, లావుపాటి మనిషి ఒకరు నిలబడినట్టే. మూడడుగులది మంచి స్లాబు మీద ఏ గోడకైనా ఆనించొచ్చు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుది 255 లీటర్లు, స్టాండూ గట్రా కలిపి 380 కిలోల దాకా వస్తుంది. అక్కడి నుంచి బీము చూసుకోవాలి. ఆరడుగులు, అంతకు మించితే ఇంజినీరు వచ్చి చూడకుండా వద్దు.

చేపల కోసం కూడా ఒక మాట. మీ హాలు పైన ఇంకో అంతస్తు లేదు కదా, డాబా స్లాబు ఎండకి కాగి మే నెలలో గది కుంపటిలా ఉంటుంది. ఆ నీళ్ళు కూడా వేడెక్కుతాయి. పడమటి గోడకి పెట్టకండి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉండాలి. 2014లో హుద్‌హుద్ అప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, నా చేపలు సైకిలు పంపుతో గాలి కొట్టి బతికించుకున్నవి.

మీ విషయంలో నాకు తేలనిది ఒక్కటే, 15 అడుగుల గోడల కింద బీము ఉందా లేదా అన్నది. ఉంటే, ఇంజినీరు వచ్చి చూశాక ఆ వైపు పెట్టుకోండి. లేకపోతే అదే ట్యాంకు కింద హాల్లో నేల మీద పెట్టండి, లేదా మేడ మీద బీము ఉన్న ఇంకోచోటికి నాలుగడుగులది తీసుకోండి. కింద గదిలో సీలింగుకి నాలుగు మూలల నుంచీ నాలుగు ఫొటోలు, వీధిలోంచి ఇల్లు మొత్తం కనిపించేలా ఒకటి, చేతితో గీసిన గదుల కొలతలు పెడితే చూసి చెప్తాను. పగులేదైనా కనిపిస్తే దాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, స్కేలు లేకపోతే అది వెంట్రుకంతో వేలంతో నాకు తెలియదు.